డెంగీ అని తేలితే కరోనా లేనట్టు కాదు: దోమల ప్రాంతాల్లో జ్వర నిర్ధారణపై ఒక వివరణ

హోసూరు, కృష్ణగిరి, కోలారు, బళ్లారి, రాయచూరు, షోలాపూర్, బరంపురం, రాయగడ, యానాం. మన తెలుగువాళ్లు తరతరాలుగా స్థిరపడిన ఈ ఊళ్లలో పాలనా భాషలు వేరు, ప్రభుత్వాలు వేరు, ఆసుపత్రుల పద్ధతులు వేరు. ఒక్క విషయంలో మాత్రం అన్నీ ఒకటే. వానలు పడగానే దోమలు వస్తాయి, దోమల వెనకే జ్వరాలు వస్తాయి. డెంగీ, చికున్‌గన్యా, మలేరియా మనకు పాత చుట్టాలే. 2020లో వాటికి కరోనా తోడైంది. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది కానీ, వైరస్ ముగిసిందని చెప్పలేదు. అది ఇప్పటికీ మన మధ్య తిరుగుతూనే ఉంది.

వానాకాలంలో మా సంఘం కార్యాలయానికి సభ్యుల నుంచి వచ్చే ప్రశ్నలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. 'డెంగీ అని రిపోర్టు వచ్చింది, ఇక కరోనా పరీక్ష దేనికి?' 'కరోనా లేదన్నారు, మరి జ్వరం తగ్గదేం?' 'ఒక ల్యాబులో ఉందన్నారు, ఇంకో ల్యాబులో లేదన్నారు, ఎవరిని నమ్మాలి?' మేము వైద్యులం కాము. అయినా ప్రభుత్వ మార్గదర్శకాల్లోనూ ప్రచురితమైన వైద్య పరిశోధనల్లోనూ ఉన్న విషయాలను మనవాళ్లకు అర్థమయ్యే మాటల్లో ఒకచోట చేర్చడం సంఘం పనేనని భావించి ఈ వ్యాసం రాస్తున్నాం. దీన్ని దాచుకుని, ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చినప్పుడు తీసి చూసుకోవచ్చు.

ఎందుకు పొరపడతారు?

డెంగీని, చికున్‌గన్యాను, జికాను మోసుకొచ్చేది ఒంటిమీద తెల్ల చారలుండే ఏడిస్ దోమ. ఇది పగటిపూట కుడుతుంది, ఇంట్లో నిలవ ఉంచిన మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది. కుళాయి నీళ్లు వంతులవారీగా వచ్చే ఊళ్లలో ప్రతి ఇంటా డ్రమ్ములు, తొట్లు నిండి ఉంటాయి కాబట్టి దీనికి కొదవ లేదు. కరోనాకు దోమతో సంబంధం లేదు. అది మనిషి నుంచి మనిషికి, దగ్గు తుంపరల ద్వారా, గాలి ఆడని గదుల్లో ఊపిరి ద్వారా వ్యాపిస్తుంది.

వచ్చే దారులు ఇలా వేరైనా మొదటి మూడు రోజుల్లో కనిపించే లక్షణాలు ఒకటే. జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు, నీరసం, వాంతి వచ్చినట్టుండటం, కొందరికి విరేచనాలు. ఈ దశలో చేయి పట్టుకు చూసి ఇది ఫలానా జ్వరమని చెప్పడం అనుభవమున్న డాక్టర్లకు కూడా కష్టమే.

తేడాలు లేకపోలేదు. దగ్గు, గొంతునొప్పి, ముక్కు కారడం, వాసన తెలియకపోవడం, ఆయాసం ఉంటే కరోనా వైపు అనుమానం మొగ్గుతుంది. అయితే ఒమిక్రాన్ వచ్చాక వాసన పోవడం బాగా తగ్గిందని గుర్తుంచుకోవాలి. కళ్ల వెనక నొప్పి, ముఖం ఎర్రబడటం, చర్మం మీద సన్నని ఎర్రచుక్కలు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే డెంగీ అనుమానిస్తారు. మణికట్లు, చీలమండలు, వేళ్ల కీళ్లు వాచి అడుగు తీసి అడుగు వేయలేని స్థితి ఉంటే చికున్‌గన్యా. ఇవన్నీ అనుమానాలే తప్ప నిర్ధారణలు కావు. కరోనాలోనూ చర్మం మీద దద్దుర్లు రావచ్చు, ప్లేట్‌లెట్లు తగ్గవచ్చు. డెంగీలోనూ కొందరికి గొంతునొప్పి ఉంటుంది.

సింగపూర్ నేర్పిన పాఠం

ఈ గందరగోళం మొట్టమొదట బయటపడింది 2020 ఫిబ్రవరిలో, సింగపూర్‌లో. ఒక పురుషుడు, ఒక మహిళ, ఇద్దరికీ 57 ఏళ్లు. ఇద్దరూ జ్వరంతో ఆసుపత్రికి వెళ్లారు. త్వరగా ఫలితమిచ్చే డెంగీ రక్తపరీక్షలో ఇద్దరికీ పాజిటివ్ వచ్చింది. అక్కడ డెంగీ మామూలే కాబట్టి అదేననుకున్నారు. తర్వాత జ్వరం తగ్గక, ఊపిరితిత్తుల సమస్య కనిపించి పరీక్షిస్తే ఇద్దరికీ కరోనా ఉన్నట్టు తేలింది. మొదట తీసిన రక్తాన్ని మరింత కచ్చితమైన పద్ధతిలో మళ్లీ పరీక్షిస్తే అందులో డెంగీ లేనే లేదు. ఆ వైద్యులు ఈ విషయాన్ని లాన్సెట్ ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో అదే ఏడాది మార్చిలో ప్రచురించి ప్రపంచాన్ని హెచ్చరించారు. దాదాపు ఆ రోజుల్లోనే థాయ్‌లాండ్ నుంచి మరో నివేదిక వచ్చింది. అక్కడ ఒక రోగికి చర్మం మీద ఎర్రచుక్కలు, ప్లేట్‌లెట్ల తగ్గుదల చూసి మొదట డెంగీ అనుకున్నారు. చివరకు అది కరోనా.

తాడును చూసి పామనుకుంటే కాసేపు భయపడతామంతే. పామును చూసి తాడనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇక్కడ జరిగేది రెండోది. డెంగీ అని పేరు పడగానే రోగిని విడిగా ఉంచడం మానేస్తారు. డెంగీ రోగి పక్కన కూర్చుంటే ఎవరికీ అంటదు కదా అన్న ధైర్యం. ఆ జ్వరం నిజానికి కరోనా అయితే ఆ ధైర్యమే ఇంటిల్లిపాదికీ, ఆసుపత్రిలో పక్క మంచాల వారికీ ముప్పు తెస్తుంది.

మన మధ్య కూడా అలాంటిది జరిగింది. 2020 వానాకాలంలో మా సభ్యుల కుటుంబమొకటి పెద్దాయనకు కార్డు పరీక్షలో డెంగీ గీత కనిపించిందని నిశ్చింతగా ఉండిపోయింది. మనవలు ఆయన మంచం మీదే ఆడుకున్నారు. వారం తిరిగేసరికి ఆయనకు ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. అప్పటికే ఇంట్లో మరో నలుగురికి జ్వరం. అందరికీ కరోనాయే. పెద్దాయన చాలా రోజుల తర్వాత ఇంటికి రాగలిగారు కానీ, ఆ ఇల్లు పడిన అవస్థ మా వీధివాళ్లెవరం మరిచిపోలేదు.

పరీక్షలు మూడు రకాలు

రిపోర్టు అర్థం కావాలంటే ఒక విషయం తెలియాలి. పేర్లు ఎన్ని ఉన్నా ఈ పరీక్షలన్నీ మూడు రకాలే.

మొదటి రకం, వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే పరీక్ష. కరోనాకు ముక్కు, గొంతుల నుంచి తీసిన నమూనాతో చేసే ఆర్‌టీ-పీసీఆర్ ఇదే. డెంగీకి, చికున్‌గన్యాకు, జికాకు కూడా రక్తంతో చేసే పీసీఆర్ ఉంది. ఒక వైరస్‌ను చూసి మరొకటి అనుకునే అవకాశం ఇందులో చాలా తక్కువ.

రెండో రకం, వైరస్‌లోని ఒక ప్రోటీన్‌ను పట్టుకునే యాంటిజెన్ పరీక్ష. కరోనాకు పావుగంట, అరగంటలో ఫలితమిచ్చే ర్యాపిడ్ యాంటిజెన్ కార్డు, డెంగీకి ఎన్ఎస్‌1 పరీక్ష ఈ కోవలోవే. కరోనా యాంటిజెన్ కార్డు పాజిటివ్ అంటే దాదాపుగా నమ్మవచ్చు. నెగటివ్ అంటే నమ్మడానికి లేదు. 2020 జూన్‌లో భారత వైద్య పరిశోధన మండలి మొదటి కార్డుకు అనుమతి ఇచ్చినప్పుడు, వ్యాధి ఉన్నవారిని అది పట్టుకోగలిగే శాతం 50.6 నుంచి 84 వరకు ఉందని తన పత్రంలోనే చెప్పింది. లక్షణాలుండి కార్డులో నెగటివ్ వస్తే ఆర్‌టీ-పీసీఆర్ చేయించాలని అప్పుడే నియమం పెట్టింది. ఇంట్లో చేసుకునే కిట్లకూ ఇదే వర్తిస్తుంది.

మూడో రకం, యాంటీబాడీ పరీక్ష. ఇది వైరస్‌ను వెతకదు, వైరస్ మీద పోరాడటానికి మన ఒళ్లు తయారు చేసుకున్న ప్రతిరక్షకాలను వెతుకుతుంది. రిపోర్టులో ఐజీఎం, ఐజీజీ అని ఉండేవి ఇవే. ఐజీఎం ఇటీవలి వ్యాధికి గుర్తు, ఐజీజీ చాలావరకు పాత వ్యాధికి గుర్తు. తికమకంతా ఈ రకంతోనే. ఒక వైరస్ కోసం పుట్టిన ప్రతిరక్షకం మరో వైరస్ కార్డు మీద కూడా అతుక్కుని గీత చూపించగలదు.

ఇది ఊహ కాదు. ఇజ్రాయెల్ పరిశోధకులు 2020లో 55 మంది కరోనా రోగుల రక్తాన్ని డెంగీ ర్యాపిడ్ కార్డుతో పరీక్షిస్తే 12 మందికి డెంగీ ఉన్నట్టు చూపింది.  వాళ్లు తిరగేసి కూడా చూశారు. కరోనా పుట్టకముందు, అంటే 2019 సెప్టెంబరుకు ముందు తీసి భద్రపరిచిన 95 డెంగీ రక్త నమూనాలను కరోనా ప్రతిరక్షకాల కోసం పరీక్షిస్తే 21 నమూనాలు పాజిటివ్‌గానో, సందేహాస్పదంగానో వచ్చాయి. మన దేశంలో కోల్‌కతా శాస్త్రవేత్తలు 2017 నాటి డెంగీ నమూనాలతో చూసినప్పుడు కూడా కొన్ని కరోనా యాంటీబాడీ కార్డులు తప్పుగా పాజిటివ్ చూపాయి.

అందుకే ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. యాంటీబాడీ కార్డు మీద గీత వచ్చినంత మాత్రాన నిర్ధారణ కాదు. మన దేశంలో డెంగీ నిర్ధారణకు ప్రభుత్వం సిఫారసు చేసేది ఎలీసా పద్ధతిలో చేసే ఎన్ఎస్‌1, ఐజీఎం పరీక్షలనే. ప్రభుత్వం ఎంపిక చేసిన నిఘా ఆసుపత్రుల్లో ఇవి చేస్తారు. వాటికి కావలసిన ఐజీఎం కిట్లు పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థలో తయారవుతాయి. జిల్లా ఆసుపత్రిలోనో, దగ్గరి ప్రభుత్వ వైద్య కళాశాలలోనో అడిగితే ఎక్కడ చేస్తారో చెబుతారు.

ఏ రోజుకు ఏ పరీక్ష?

మా కార్యవర్గంలో చాలామందిమి గుమాస్తా ఉద్యోగాలు చేసి రిటైరైన వాళ్లం. తేదీ లేని కాగితం ఫైలులో నిలవదని మాకు బాగా తెలుసు. జ్వరం విషయంలోనూ అంతే. జ్వరం ఏ రోజు మొదలైందో తెలియకపోతే ఎంత ఖరీదైన పరీక్ష చేయించినా ఫలితానికి అర్థం చెప్పడం కష్టం. జ్వరం మొదలైన రోజును ఒకటో రోజుగా లెక్కపెట్టండి.

ఒకటి నుంచి ఐదో రోజు వరకు: డెంగీకి ఎన్ఎస్‌1 సరైన పరీక్ష. ఈ రోజుల్లో ఐజీఎం నెగటివ్ వస్తే డెంగీ లేదని అర్థం కాదు, ప్రతిరక్షకాలు ఇంకా తయారు కాలేదనే అర్థం. కరోనాకు ఆర్‌టీ-పీసీఆర్ గానీ, యాంటిజెన్ కార్డు గానీ చేయించవచ్చు. కార్డులో నెగటివ్ వచ్చి లక్షణాలు అలాగే ఉంటే పీసీఆర్ తప్పనిసరి. మలేరియా ఉన్న ప్రాంతమైతే మలేరియా రక్తపరీక్ష మొదటి రోజే చేయించాలి.

ఐదో రోజు దాటాక: రక్తంలో ఎన్ఎస్‌1 తగ్గిపోతూ ఉంటుంది, ఐజీఎం పెరుగుతూ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఐదో రోజుకు సుమారు 80 శాతం డెంగీ రోగుల్లో, పదో రోజుకు 99 శాతంలో ఐజీఎం కనబడుతుంది. కాబట్టి ఆరో రోజు తర్వాత ఎలీసా ఐజీఎం చేయించాలి. చికున్‌గన్యా ఐజీఎం కూడా దాదాపు ఇదే సమయానికి తేలుతుంది. కరోనాకు మాత్రం ఈ దశలోనూ ఆర్‌టీ-పీసీఆరే ఆధారం.

రెండు, మూడు వారాల తర్వాత: ఇప్పుడు ఐజీఎం పాజిటివ్ వస్తే అది ఈ జ్వరానిదే కావాలని లేదు. డెంగీ ఐజీఎం రక్తంలో రెండు మూడు నెలలు ఉండిపోతుంది. ఆషాఢంలో వచ్చిన డెంగీ తాలూకు ఐజీఎం భాద్రపదంలో వచ్చిన కరోనా జ్వరంలో కూడా కనిపించవచ్చు.

ఇంకో విషయం. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకసారి డెంగీ వచ్చినవారికి రెండోసారి వేరే రకం వస్తే ఎన్ఎస్‌1 త్వరగా మాయమవుతుంది, ఐజీఎం తక్కువగా పెరుగుతుంది. రెండు పరీక్షలూ నెగటివ్ వచ్చే అవకాశముంది. తీవ్రమయ్యే ప్రమాదం కూడా రెండోసారి వచ్చే డెంగీలోనే ఎక్కువ. అందువల్ల గతంలో డెంగీ వచ్చి ఉంటే డాక్టరుగారికి తప్పకుండా చెప్పాలి.

రిపోర్టు చదవడం

డెంగీ ఐజీజీ ఒక్కటే పాజిటివ్ వచ్చి, ఎన్ఎస్‌1, ఐజీఎం నెగటివ్ అయితే చాలావరకు పాత డెంగీ అని అర్థం. మన ప్రాంతాల్లో పెద్దవాళ్లలో చాలామందికి ఇలాగే వస్తుంది. దాన్ని చూసి ఇప్పటి జ్వరం డెంగీ అనుకోకూడదు.

కరోనా యాంటీబాడీ పాజిటివ్ అని వస్తే ఇప్పుడు దాదాపు ఏమీ చెప్పదు. టీకా వేసుకున్నవారికి, గతంలో ఎప్పుడైనా వచ్చి పోయినవారికి అది ఉండనే ఉంటుంది. జ్వరానికి కారణం తెలుసుకోవడానికి ఆ పరీక్షకు డబ్బు పెట్టనక్కరలేదు. 2020 ఏప్రిల్‌లో దిగుమతి చేసుకున్న యాంటీబాడీ కిట్ల ఫలితాలు పొంతన లేకుండా ఉన్నాయని వాటి వాడకం ఆపించిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది.

రక్తకణాల లెక్క ఎంతో ఉపయోగపడుతుంది కానీ అదొక్కటే నిర్ధారణ కాదు. డెంగీలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, రక్తం చిక్కబడి హెమటోక్రిట్ అనే అంకె పెరుగుతుంది. మనవాళ్లంతా ప్లేట్‌లెట్ల అంకె మీదే కళ్లు పెట్టుకుని కూర్చుంటారు. డాక్టర్లు మాత్రం హెమటోక్రిట్‌నూ, రక్తపోటునూ, మూత్రం వస్తున్న తీరునూ కలిపి చూస్తారు. కరోనాలో తెల్లకణాల్లో లింఫోసైట్లు అనేవి తగ్గుతాయి. ఆక్సిజన్ శాతం పడిపోవడం, ఛాతీ ఎక్స్‌రేలో మార్పులు కనిపించడం కరోనా వైపు బలమైన ఆధారాలు.

ఒకటి రుజువైతే రెండోది లేదని అర్థం కాదు. రెండూ ఒకేసారి ఉండవచ్చు. కేంద్ర ఆరోగ్య శాఖ 2020 అక్టోబరులో విడుదల చేసిన మార్గదర్శకాల సారాంశం ఇదే. డెంగీ, మలేరియా, చికున్‌గన్యా, ఇన్‌ఫ్లుయెంజా వంటి కాలానుగుణ జ్వరాలతో కరోనా కలిసి రావచ్చని, ఒకటి తేలిందని రెండోదాన్ని అనుమానించడం మానకూడదని అందులో స్పష్టంగా ఉంది.

సరిగా తేల్చకపోతే నష్టం ఏమిటి?

'ఏ జ్వరమైతేనేం, రెండింటికీ పారాసిటమాలేగా' అనేవారున్నారు. తేలికపాటి జ్వరం వరకు అది నిజమే. ముదిరితే దారులు విడిపోతాయి.

తీవ్రమైన కరోనాలో ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది కాబట్టి రక్తం పల్చబడే మందులు ఇస్తారు. డెంగీలో రక్తస్రావం భయం. అవే మందులు అక్కడ ప్రమాదం తెస్తాయి. తీవ్ర డెంగీలో రక్తనాళాల నుంచి ద్రవం బయటికి ఊరిపోతుంది కాబట్టి సెలైన్ లెక్కగా ఎక్కించడమే ప్రధాన చికిత్స. ఊపిరితిత్తులు దెబ్బతిన్న కరోనా రోగికి సెలైన్ ఎక్కువైతే ఊపిరి మరింత కష్టమవుతుంది. ఆక్సిజన్ అవసరమైన కరోనా రోగికి స్టెరాయిడ్లు ప్రాణాధారం. డెంగీలో వాటివల్ల మేలు జరుగుతుందని రుజువు లేదు. రెండూ కలిసి వచ్చిన రోగిని చూసే డాక్టరు ఒక్కో అడుగూ కొలిచి వేయాలి. ఆ విషయం ఆయనకు ముందే తెలియాలి.

ప్రమాదం ముంచుకొచ్చే సమయం కూడా వేరు. డెంగీలో మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, జ్వరం తగ్గుతున్నప్పుడే అసలు ప్రమాదం. జ్వరం దిగింది కదా అని ఆసుపత్రి నుంచి బలవంతంగా ఇంటికి తెచ్చుకునేది సరిగ్గా ఆ రోజే. కరోనాలో పరిస్థితి విషమించేది సాధారణంగా వారం దాటేటప్పుడు.

ప్రాంతాన్ని బట్టి జాగ్రత్త

ఒడిశా దక్షిణ జిల్లాలైన గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్‌లలోని మనవాళ్లు మలేరియాను ఎప్పుడూ మరవకూడదు. మలేరియా వైరస్ కాదు, పరాన్నజీవి. దాన్ని మోసేది రాత్రిపూట కుట్టే ఎనాఫిలిస్ దోమ. దానికి కచ్చితమైన మందు ఉంది, ఆలస్యమైతే మెదడుకు ఎక్కే రకమూ ఉంది. కరోనా పరీక్షతో పాటు మలేరియా పరీక్ష కూడా అడిగి చేయించుకోవాలి.

కర్ణాటకవాళ్లకు, ఆంధ్ర సరిహద్దువాళ్లకు చికున్‌గన్యా కొత్త కాదు. 2005 చివర్లో మొదలై 2006లో దేశమంతా 13 లక్షల మందికి పైగా అనుమానితులను చూపిన ఆ జ్వరం ఈ రెండు రాష్ట్రాలనూ పట్టి పీడించింది. నెలల తరబడి కీళ్లనొప్పులతో మంచాలు పట్టిన ఊళ్లను చూసినవాళ్లం. కరోనా తర్వాత కూడా కొందరికి ఒళ్లునొప్పులు, నీరసం చాలాకాలం ఉంటాయి కాబట్టి తర్వాత వచ్చే నొప్పుల్ని బట్టి వచ్చింది ఏ జ్వరమో చెప్పలేం.

జికా మన పొరుగుకు వచ్చి వెళ్లింది. 2017లో తమిళనాడులో మొదటి జికా కేసు బయటపడింది తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న కృష్ణగిరి జిల్లాలోనే. 2021 జులైలో, కరోనా నడుస్తున్నప్పుడే, పుణె జిల్లా పురందర్ తాలూకా బేల్సర్ గ్రామంలో ఒక మహిళకు జికా, చికున్‌గన్యా రెండూ ఒకేసారి ఉన్నట్టు తేలింది. 2022 డిసెంబరులో రాయచూరు జిల్లాలో ఐదేళ్ల పాపకు జికా వచ్చింది. జికా, డెంగీ ఒకే కుటుంబపు వైరస్‌లు కాబట్టి యాంటీబాడీ పరీక్షల్లో ఒకదానికొకటి అడ్డం వస్తాయి. గర్భిణులకు జ్వరం వస్తే డాక్టరుగారికి ఈ అనుమానం కూడా చెప్పాలి.

యానాం వారికి దగ్గరి పెద్ద ఆసుపత్రులు కాకినాడలో ఉన్నాయి. కార్డు, చిరునామా పుదుచ్చేరివి, చికిత్స ఆంధ్రలో. ఒకచోట చేసిన పరీక్షల కాగితాలన్నీ రెండోచోటికి వెంట తీసుకెళ్లడం వీరికి మరీ ముఖ్యం. లేకపోతే అవే పరీక్షలు మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తుంది, ఈలోగా రోజులు గడుస్తాయి.

లెక్కల గురించి ఒక మాట. మన దేశంలో నమోదైన డెంగీ కేసులు 2020లో 44 వేల పైచిలుకు. మరుసటి ఏడాది లక్షా 93 వేల పైచిలుకు. 2020లో దోమలు సెలవు తీసుకోలేదు. జనం ఆసుపత్రులకు వెళ్లడానికి భయపడ్డారు, ల్యాబులూ సిబ్బందీ కరోనా పనిలో మునిగిపోయారు. పరీక్ష జరగని జ్వరం లెక్కలోకి రాదు. ఇప్పుడు దానికి తిరకాసుగా, ప్రతి జ్వరానికీ డెంగీ పరీక్ష ఒక్కటే చేసి కరోనాను వదిలేసే అలవాటు వస్తోంది. రెండూ సరికాదు.

మాట దగ్గర జాగ్రత్త

ఇక్కడే పుట్టి పెరిగిన మనవాళ్లకు స్థానిక భాష కొట్టిన పిండి. ఇబ్బంది పడేది ఇల్లు దాటని పెద్దవాళ్లు, కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లు, పనికోసం వచ్చిన కూలీలు. వారిని డాక్టరు దగ్గరకు ఒంటరిగా పంపకండి. ముఖ్యంగా ఒక్క మాట విషయంలో జాగ్రత్త పడాలి. అది 'ఆయాసం'.

తెలుగులో ఆయాసం అంటే ఊపిరి అందకపోవడం. కన్నడంలో ఆయాస అంటే అలసట. బళ్లారిలోనో, కోలారులోనో మన పెద్దమ్మ 'ఆయాసంగా ఉంది' అంటే కన్నడ డాక్టరు నీరసం అని రాసుకునే ప్రమాదముంది. నీరసం ప్రతి జ్వరంలోనూ ఉంటుంది. ఊపిరి అందకపోవడం కరోనాను పట్టిచ్చే ముఖ్యమైన గుర్తు. ఆ ఒక్క మాట తారుమారైతే చేయాల్సిన పరీక్షే మారిపోతుంది. కన్నడంలో 'ఉసిరాటద తొందరె' అని, తమిళంలో 'మూచ్చు తిణరల్' అని, మరాఠీలో 'శ్వాస్ ఘ్యాయలా త్రాస్' అని, ఒడియాలో 'నిశ్వాస నేబారే కష్ట' అని చెప్పాలి.

జ్వరం మూడు రోజులుగా ఉందని చెప్పడానికి కన్నడంలో 'మూరు దినదింద జ్వర', తమిళంలో 'మూణు నాళా కాయ్చల్', మరాఠీలో 'తీన్ దివసాంపాసూన్ తాప్', ఒడియాలో 'తిని దిన హేలా జ్వర' అంటే సరిపోతుంది.

డాక్టరు దగ్గరకు వెళ్లేముందు ఒక చీటీ మీద ఇవి రాసుకోండి.

1. జ్వరం మొదలైన తేదీ, వేళ.
2. దగ్గు, గొంతునొప్పి, ఊపిరి ఇబ్బంది ఉన్నాయా, ఏ రోజు నుంచి.
3. ఇంట్లో, వీధిలో, పనిచోట ఇంకెవరికైనా జ్వరం ఉందా.
4. గత రెండు వారాల్లో వెళ్లొచ్చిన ఊళ్లు, పెళ్లిళ్లు, జాతరలు.
5. గతంలో డెంగీ, చికున్‌గన్యా, కరోనా వచ్చాయా, ఏ ఏడాది. వేసుకున్న టీకాలు.
6. రోజూ వాడే మందులు, ముఖ్యంగా గుండెకు, షుగరుకు, రక్తం పల్చబడటానికి వాడేవి.
7. ఇప్పటిదాకా చేయించిన పరీక్షలు. ఏ తేదీన, కార్డు పరీక్షా, ఎలీసానా, పీసీఆరా.

ఇంట్లో చేయాల్సినవి, చేయకూడనివి

ఫలితం తేలేదాకా జ్వరం వచ్చినవారిని రెండు రకాలుగానూ కాపాడాలి. కరోనా కావచ్చు కాబట్టి గాలి ఆడే వేరే గది, మాస్కు. డెంగీ కావచ్చు కాబట్టి పగలు కూడా దోమతెర. డెంగీ రోగిని కుట్టిన దోమ ఇంట్లో మిగతావారిని కుడితే వారికీ వస్తుంది. పారాసిటమాల్, మంచినీళ్లు, గంజి, మజ్జిగ, ఓఆర్ఎస్ రెండింటిలోనూ మంచివే. ఏ జ్వరమో తేలకముందు ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు మెడికల్ షాపులో అడిగి వేసుకోవద్దు. డెంగీ అయితే రక్తస్రావం పెరుగుతుంది. గుండెకోసం ఆస్పిరిన్ రోజూ వాడేవారు దాన్ని సొంతంగా ఆపకుండా డాక్టరును అడగాలి. బొప్పాయి ఆకు రసం తాగుతూ ఆసుపత్రికి వెళ్లడం వాయిదా వేయకండి. వైరస్ జ్వరాలకు యాంటీబయోటిక్స్ పనిచేయవు.

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా, రిపోర్టు కోసం ఆగకుండా, ఏ వేళైనా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆగని కడుపునొప్పి, పదేపదే వాంతులు, చిగుళ్లు లేదా ముక్కు నుంచి రక్తం, నల్లటి విరేచనం, కాళ్లూ చేతులూ చల్లబడటం, మూత్రం తగ్గిపోవడం, మగతగా ఉండటం డెంగీ ముదురుతున్న గుర్తులు. ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో బరువు, పెదాలు నీలంగా మారడం, వేలికి పెట్టే మీటరులో ఆక్సిజన్ 94 కంటే తగ్గడం కరోనా ముదురుతున్న గుర్తులు. పసిపిల్లలు, గర్భిణులు, అరవై దాటినవారు, షుగరు ఉన్నవారి విషయంలో ఇంకా ముందే కదలాలి.

ఈ వ్యాసం అవగాహన కోసమే తప్ప డాక్టరు సలహాకు బదులు కాదు. డాక్టరు పరీక్ష రాయగలరు, ల్యాబు ఫలితం ఇవ్వగలదు. జ్వరం ఏ రోజు మొదలైందో చెప్పగలిగేది మాత్రం ఇంట్లోవాళ్లే. ఒళ్లు వెచ్చబడిన రోజే గోడమీది క్యాలెండరులో ఆ తేదీకి సున్నా చుట్టండి.